నోటీసులో ఎత్తు మాటే లేదు, మరి 13 అంతస్తులు ఎట్ల వస్తయి? అభ్యంతరంల ఏం రాయాలె?

ఎడమ కాల్వ

అందరికీ నమస్తే. మిర్యాలగూడలో మూతబడ్డ రైస్ మిల్లు జాగ ఒకదాని గురించి పేపర్ల మున్సిపల్ నోటీసు పడ్డది. జాగ ఎకరం. దక్షిణం దిక్కు రోడ్డు మీద 80 మీటర్ల ముఖం, లోపలికి 50 మీటర్ల లోతు. మాస్టర్ ప్లాన్ల దాన్ని పరిశ్రమల జోన్ నుంచి తీసి బహుళ వినియోగ జోన్ల పెడ్తరట, ముందున్న రోడ్డును 80 అడుగులుగ చూపిస్తరట. అభ్యంతరాలు, సలహాలు రాతపూర్వకంగ ఇయ్యాలన్నరు. వీధిల అందరూ "13 అంతస్తులు లేస్తయి" అంటున్నరు గని, నోటీసు మొత్తం చదివినా ఎత్తు అనే మాట ఒక్కకాడ గూడ లేదు. రోడ్డు ఇప్పుడు 33 అడుగులే. మిల్లు గోడకు ఉత్తరాన వరసగ ఒంటి అంతస్తు ఇండ్లున్నయి, కొన్నింటి మీద సోలార్ ప్యానెళ్లు.

ఎత్తు సంగతి ఎక్కడున్నట్టు? ఏం రాస్తే ఆఫీసోళ్లు లెక్కలకు తీసుకుంటరు? "మాకొద్దు" అని రాసి అందరం సంతకాలు పెట్టి ఇస్తే సరిపోతదా?

టేపు కొలత

ఎత్తు ఆ 80 అడుగుల రోడ్డు గీతలోనే ఉంది. మన దగ్గర సాధారణంగా ఈ జాగకు ఇంత ఎత్తు అని విడిగా రాసిపెట్టరు. 2012 ఏప్రిల్ 7 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం మూడు విషయాలు ఎత్తును తేలుస్తాయి: జాగ విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ. ఆ జీవోకు తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి రాసే ముందు తాజా ప్రతి చేతిలో పెట్టుకోండి. పునాది మాత్రం ఇదే.

జీవో 168లో 18 మీటర్లు, ఆపైన ఉన్నది హైరైజ్. దానికి జాగ కనీసం 2,000 చదరపు మీటర్లు ఉండాలి, అంటే 2,392 గజాలు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఆ అర్హత మిల్లు జాగకు ఎప్పటి నుంచో ఉంది. అడ్డం ఉన్నది రోడ్డు ఒక్కటే. హైరైజ్ పట్టిక ఇట్లా నడుస్తుంది:

12 మీటర్ల రోడ్డు ఉంటే 21 మీటర్ల ఎత్తు దాకా చుట్టూ 7 మీటర్ల ఖాళీ, 24 మీటర్ల దాకా 8.
18 మీటర్ల రోడ్డుకు 27 మీటర్ల ఎత్తు దాకా 9, 30 దాకా 10.
24 మీటర్ల రోడ్డుకు 35 దాకా 11, 40 దాకా 12, 45 దాకా 13.
30 మీటర్ల రోడ్డుకు 50 దాకా 14, 55 దాకా 16. అక్కడి నుంచి ప్రతి 5 మీటర్ల ఎత్తుకు అర మీటరు చొప్పున ఖాళీ పెరుగుతుంది.

ఇప్పుడు మీ రోడ్డు చూడండి. 33 అడుగులంటే 10 మీటర్లు. 12 కూడా లేదు, కాబట్టి ఇవాళ అక్కడ హైరైజ్‌కు చోటే లేదు. 80 అడుగులంటే 24.4 మీటర్లు. ఆ గీత ఖాయమైన రోజు పట్టికలో మూడో వరస తెరుచుకుంటుంది. మీ వీధిలో అంటున్న 13 అంతస్తులు అక్కడివే: 40 మీటర్లను అంతస్తుకు 3 మీటర్ల చొప్పున భాగించండి, 13 వస్తుంది.

కాబట్టి అభ్యంతరం ఎత్తు మీద కాదు, వెడల్పు మీద రాయాలి. "ఎత్తు వద్దు" అని రాస్తే "నోటీసులో ఎత్తు ప్రతిపాదన ఏదీ లేదు" అని ఒక్క వాక్యంతో పక్కన పెట్టేస్తారు. "80 అడుగుల రోడ్డు నేల మీద లేదు, ఇవిగో కొలతలు" అని రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు.

కొలవడానికి 30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు, ఒక పొద్దు చాలు. జాగ ముందు మాత్రమే కొలిస్తే పనికిరాదు. జాగ నుంచి పెద్ద రోడ్డు కలిసేదాకా ప్రతి 50 మీటర్లకు ఒకసారి కొలవండి. ప్రతిచోటా రెండు అంకెలు రాయండి: గోడ నుంచి గోడకు ఎంత, తారు అంచు నుంచి తారు అంచుకు ఎంత. మధ్యలో మోరీ, కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, గుడి అరుగు ఏది తగిలినా దాని ఎదురుగా రాయండి. కొలిచిన చోట టేపు కనబడేలా, వెనక ఇంటి నంబరో దుకాణం బోర్డో పడేలా ఫోటో తీయండి. అన్నిటికంటే సన్నగా ఉన్న చోటు మీ కాగితంలో మొదటి లైనులో ఉండాలి.

ఎందుకంటే పని చెడేది అక్కడే. మాస్టర్ ప్లాన్‌లో 80 అడుగులని గీస్తారు. కట్టేవాళ్లు తమ ముందున్న పట్టీని మున్సిపాలిటీకి రాసిస్తారు. జాగ ముందు 80 మీటర్ల పొడవున రోడ్డు వెడల్పవుతుంది, అటు ఇటు పాత ఇండ్లు కదలవు. చివరికి 33 అడుగుల సందుల మధ్య ఒక వెడల్పాటి తునక మిగులుతుంది, అందులో కార్లు ఆపుకుంటారు. రావడానికీ పోవడానికీ అందరికీ ఆ సన్నటి సందే దిక్కు.

నీడ లెక్క

పైన చెప్పిన దానికి కలుపుతున్నా. ఉత్తరాన ఇండ్లు ఉన్నాయి కాబట్టి నీడ మీద రాయండి. కానీ "మాకు ఎండ రాదు" అని రాయొద్దు, మీటర్లలో రాయండి. లెక్క కష్టమేమీ కాదు.

మిర్యాలగూడ అక్షాంశం 16.87 డిగ్రీలు. డిసెంబర్ 21న నడిపొద్దున సూర్యుడు 49.7 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నీడ పొడవు కట్టడం ఎత్తులో 0.85 వంతు, సూటిగా ఉత్తరానికి పడుతుంది. 40 మీటర్ల కట్టడం సరిహద్దుకు 12 మీటర్లు జరిగి ఉంటే 34 మీటర్ల నీడలో 12 వాళ్ల ఖాళీలోనే పడుతుంది, 22 మీటర్లు మీ వరస మీదికి వస్తుంది. 30 మీటర్ల కట్టడం 10 మీటర్ల ఖాళీతో ఉంటే 15.5 మీటర్లు వస్తుంది. 15 మీటర్ల కట్టడం 6 మీటర్ల ఖాళీతో ఉన్నా 6.7 మీటర్లు వస్తుంది. అది కూడా సున్నా కాదు, కాబట్టి తేడానే చూపించండి.

పొద్దున ఇంకా ఎక్కువ. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మిర్యాలగూడ 79.57 దగ్గర ఉంది. అందుకే డిసెంబర్ చివర్లో అక్కడ నడిపొద్దు 12 గంటల 10 నిమిషాలకు పడుతుంది. దానికి మూడు గంటల ముందు, అంటే 9 గంటల 10 నిమిషాలకు, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నీడ కట్టడం ఎత్తుకు 1.7 రెట్లు సాగి వాయవ్యానికి పడుతుంది. అందులో ఉత్తరం వైపు పోయేది ఎత్తుకు 1.13 రెట్లు. 40 మీటర్ల కట్టడానికి అది 45 మీటర్లు. ఖాళీ తీసేస్తే 33 మీటర్లు ఇండ్ల మీద. సాయంత్రం అదే కొలత ఈశాన్యానికి తిరుగుతుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట కూడా రాయాలి, లేకపోతే ఎదుటి ఆర్కిటెక్ట్ మీ కాగితాన్ని తేలిగ్గా కొట్టేస్తాడు. మార్చి 21న, సెప్టెంబర్ 23న నడిపొద్దు నీడ ఎత్తులో 0.3 వంతే. 40 మీటర్లకు 12 మీటర్లు, అంటే వాళ్ల ఖాళీలోనే సరిపోతుంది. జూన్‌లో సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నడిపొద్దు నీడ దక్షిణాన వాళ్ల ఖాళీలోనే 4, 5 మీటర్లు పడుతుంది. కాబట్టి ఎక్కువ ఇబ్బంది నవంబర్ నుంచి జనవరి దాకా అని తేల్చి చెప్పండి. ఆ మూడు నెలలకు ఎన్ని ఇండ్ల కప్పులు నీడలో పడతాయో ఇంటి నంబర్లతో రాయండి.

మేడ మీద మెట్ల గది, లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు ఎత్తు లెక్కలో కలవవు. నీడలో మాత్రం కలుస్తాయి. వాటికి 4 మీటర్లు కలిపి ఇంకో వరస లెక్క వేయండి. అవి మేడకు దక్షిణం అంచున ఉంటే నీడ చాలావరకు మేడ మీదే పడుతుంది, ఉత్తరం అంచున ఉంటే పూర్తిగా పక్కింటి మీదికి పోతుంది. "మెట్ల గది, ట్యాంకు దక్షిణం వైపు ఉండాలి" అని షరతు అడగొచ్చు. ఎవరికీ ఖర్చు లేని షరతు.

సోలార్ సంగతి. ప్యానెళ్లను వరసగా ఒకే తీగకు కలిపి ఉంటే ఒక ప్యానెల్ మీద నీడ పడ్డా వరస మొత్తం ఉత్పత్తి దెబ్బతినొచ్చు. అందుకే "కప్పులో పావు వంతే నీడ" అన్న వాదన చెల్లదు. ఇన్వర్టర్‌లో డిసెంబర్, జనవరి నెలల రోజువారీ యూనిట్లు ఉంటాయి, ఆ చిట్టా ఇప్పుడే దింపుకుని జతచేయండి. రేపు పోల్చుకోవడానికి అది కావాలి.

పాలమూరు డ్రాఫ్ట్స్‌మన్

ఇంకో వైపు నుంచి చెప్తా. ఎత్తు పెరిగితే జనం అంత లెక్కన పెరుగుతరు అనుకోవద్దు. లెక్క చూడండి.

జాగ 80 బై 50. 15 మీటర్ల కట్టడానికి సులువుకు చుట్టూ 6 మీటర్లు వదిలితే 68 బై 38 మిగులుతది, 2,584 చదరపు మీటర్లు. అయిదు అంతస్తులు, మొత్తం 12,920.
30 మీటర్లకు చుట్టూ 10 వదిలితే 60 బై 30, అంటే 1,800. పది అంతస్తులు, 18,000.
40 మీటర్లకు చుట్టూ 12 వదిలితే 56 బై 26, అంటే 1,456. పదమూడు అంతస్తులు, 18,928.

15 నుంచి 30కి పోతే 39 శాతం పెరిగింది. 30 నుంచి 40కి పోతే పెరిగింది 5 శాతమే. మీదికి మూడంతస్తులు వచ్చినా కింద ఖాళీ పెరగవట్టె పాదం చిన్నగయితది. రోడ్డుకు పట్టీ పోతే ఇంకా తగ్గుతది: 33 నుంచి 80 అడుగులకు రెండు దిక్కుల సమానంగ తీస్తే ఒక్కో దిక్కు 23 అడుగులు పైనే, 7 మీటర్లు అనుకోండి. లోతు 43 అయితది. అప్పుడు 40 మీటర్ల కట్టడం 56 బై 19, మొత్తం 13,832. గియాల 15 మీటర్లకు వచ్చేదానికంటే 7 శాతమే ఎక్కువ. దీంట్ల నుంచి పిల్లల ఆట జాగ, చెట్ల పట్టీ కూడా తీయాలె.

కాబట్టి నా మాట: 13 అంతస్తులని భయపడి సంతకాలు పెట్టుడు కంటే, 30 మీటర్లకు ఆపమని అడుగుడు మంచిది. కట్టేటోళ్లకు నష్టం తక్కువ, ఉత్తరం ఇండ్ల మీద నీడ 22 నుంచి 15న్నరకు దిగుతది. గసొంటి సలహాను ఆఫీసుల ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది కాదనుడు గాదు, సవరణ.

ఎత్తు కంటే నాకు భయం నేల మీద. ఫైరింజన్ తిరిగే ఖాళీ కాగితం మీద ఉంటది, కట్టినంక మాయమైతది. జాతీయ భవన నియమావళి 2016ల లెక్క ఇది: ఇంజన్ తిరిగే దారి కనీసం 6 మీటర్లు, గేటు కనీసం 4.5 మీటర్ల వెడల్పు, మీద 5 మీటర్ల దాకా ఏ ఆర్చీ తగలొద్దు, మలుపు వ్యాసార్ధం 9 మీటర్లు, నేల 45 టన్నుల ఇంజన్ బరువు ఆగాలె. పనులు చెడేది ఎట్లంటే, సెల్లార్ సరిహద్దు దాకా తవ్వుతరు, దాని స్లాబు మీద నుంచే ఫైర్ దారి చూపిస్తరు, స్లాబు డిజైన్ మాత్రం కార్ల బరువుకు చేస్తరు. ఇంకా జనరేటర్ గద్దె, ట్రాన్స్‌ఫార్మర్, సంపు మూత, వాచ్‌మన్ గది అన్నీ ఆ ఖాళీలకే జొరబడ్తయి. అందుకే "ఫైర్ దారి కింద సెల్లార్ ఉంటే స్లాబు 45 టన్నులకు డిజైన్ చేసినట్టు స్ట్రక్చరల్ ఇంజనీర్ ధ్రువపత్రం ఉండాలె" అని ఇప్పుడే రాయండి. మీ జిల్లా ఫైర్ స్టేషన్ల ఉన్న నిచ్చెన ఎంత ఎత్తుకు అందుతదో ఫైర్ శాఖ నుంచి రాతపూర్వకంగ తెప్పించి ఫైల్ల పెట్టమని గూడ అడగండి.

సెల్లార్ తవ్వితే రాయి తగలొచ్చు. తవ్వకం మొదలుగాకముందే పక్కిండ్ల గోడల పగుళ్లను తేదీ కనబడేటట్టు ఫోటోలు తీయాలె. పగులు మీద అడ్డంగ వేలెడంత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ పెట్టి, దాని మీద పెన్నుతో తేదీ రాయండి. పగులు కదిలితే పట్టీ జుట్టంత గీతతో చిట్లుతది. ఆ చిట్లిన పట్టీ ఫోటో ముందు "పాత పగులే" అనే వాదన నిలవది.

నీటి పైపు

నీళ్లు, మురుగు గురించి ఎవరూ ఎత్తలేదు. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అదే కావొచ్చు.

పైన వచ్చిన 18,000 చదరపు మీటర్లు తీసుకుందాం. మెట్లు, కారిడార్ల వాటాతో కలిపి ఫ్లాటుకు 130 చదరపు మీటర్లు అనుకుంటే 138 ఫ్లాట్లు. ఇంటికి అయిదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం. మొత్తం రోజుకు 93,150 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే దాదాపు 19. 15 మీటర్ల కట్టడంలో 99 ఫ్లాట్లే వస్తాయి, 66,825 లీటర్లు చాలు. వాడిన నీళ్లలో 80 శాతం మురుగు కింద లెక్కేస్తారు: 138 ఫ్లాట్లకు రోజుకు 74,500 లీటర్లు. ఇప్పుడు మీ వీధిలో ఉన్నది తెరిచిన మోరీయా, భూగర్భ పైపా? పైపైతే ఎన్ని ఇంచులది, ఎక్కడ కలుస్తుంది? ఇది ప్రశ్న రూపంలోనే రాయండి: "అదనంగా వచ్చే ఇన్ని లీటర్ల మురుగు ఏ లైనులోకి పోతుంది, ఆ లైను సామర్థ్యం ఎంత?"

నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ మాట తప్పదు. "నీళ్లకు బోర్లు వేసుకుంటాం" అని ప్రతిపాదనలో ఉంటే, ఆ బోరు నీళ్ల ఫ్లోరైడ్ పరీక్ష ఫలితం జతచేయమని అడగండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా.

రోడ్డు రద్దీ లెక్క కూడా మీరే తీయొచ్చు. పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8, ప్రతి పావుగంటకు ఒక గీత. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 106 ప్రకారం ఆ రకం బండ్లు మొత్తం రద్దీలో 10 శాతం, ఆపైన ఉంటే బైకుకు 0.75, కారుకు 1, ఆటోకు 2, బస్సుకు, లారీకి 3.7 చొప్పున గుణించాలి. అట్లా గుణించి కూడితే వచ్చే అంకె రెండు వరసల కలెక్టర్ రోడ్డుకు (వీధులను పెద్ద రోడ్డుకు కలిపేదానికి) గంటకు 900 దాకా ఓర్పు. మిర్యాలగూడలో వడ్ల కాలంలో లెక్క తీయకుండా రద్దీ లెక్క అని చెప్పడానికే లేదు. వానాకాలం, యాసంగి కోతలప్పుడు మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే రెండు వరసల రోడ్డు ఒక్క వరసే అవుతుంది. ఆఫీసు వాళ్ల ట్రాఫిక్ రిపోర్టు ఏ నెలలో తీశారో మొదట అదే చూడండి. జూన్‌లోనో ఆగస్టులోనో తీసి ఉంటే ఆ ఒక్క పాయింటే రెండు పేజీల బలం.

ఎడమ కాల్వ

చాలా ధన్యవాదాలు. పొద్దుగాల పోయి టేపుతో కొలిచినం. పెద్ద రోడ్డు కలిసేకాడ గోడ నుంచి గోడకు 27 అడుగులే ఉన్నది, అందుల ట్రాన్స్‌ఫార్మర్ గద్దె 4 అడుగులు తిన్నది. ఇగ కాగితం ఎట్ల రాయాలె, ఎవలకియ్యాలె చెప్పుండ్రి. సోమవారం నల్లగొండ కలెక్టరేట్ల ప్రజావాణిల ఇస్తే నడుస్తదా?

ఫైలు దారి

27 అడుగులంటే 8.2 మీటర్లు. గద్దె పోతే వాడుకకు 7. మీ కాగితానికి ఇంతకంటే మంచి మొదటి లైను దొరకదు.

ప్రజావాణిలో ఇవ్వండి, కానీ అదనంగానే. అక్కడ ఇచ్చింది మళ్లీ మున్సిపాలిటీకే చేరుతుంది, ఆలోపు గడువు దాటిపోవచ్చు. అసలు ప్రతి నోటీసులో ఎవరి పేరున ఇవ్వమన్నారో వాళ్లకే, మామూలుగా మున్సిపల్ కమిషనర్‌కు. రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి వాళ్లకు, రెండో దాని మీద తేదీ, ముద్ర, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. "రేపు రండి, నంబర్ వేస్తాం" అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో ఇంకో ప్రతి పంపి రసీదు దాచుకోండి. గడువు పేపర్‌లో వచ్చిన తేదీ నుంచా, గెజిట్ తేదీ నుంచా అన్నది నోటీసులోనే చూసి, ముందొచ్చే తేదీనే గడువనుకోండి.

కాగితం మీద పైన నోటీసు నంబరు, తేదీ, సర్వే నంబరు, వార్డు నంబరు. కింద మీ పేరు, ఇంటి నంబరు, జాగకు మీ ఇల్లు ఎంత దూరం, ఏ దిక్కు. ఆ తర్వాత ఒక్కో పాయింటుకు మూడు ముక్కలు: ఉన్న స్థితి, దాని వల్ల వచ్చే ఇబ్బంది, మీరు కోరే మార్పు. మూడోది మరిచిపోయిన కాగితాలే ఎక్కువ. "రోడ్డు సన్నగా ఉంది" అని ఆపేస్తే "గమనించబడినది" అని ఫైల్లో పడుతుంది. "జాగ నుంచి ప్రధాన రోడ్డు దాకా మొత్తం పొడవున 18 మీటర్లు నేల మీద అయ్యేవరకు 18 మీటర్ల లోపు ఎత్తుకే అనుమతి అని తీర్మానంలో చేర్చాలి" అని రాస్తే దానికి అవునో కాదో రాయాల్సి వస్తుంది.

ఇండ్ల ధర తగ్గుతుందని, కట్టేవాళ్లు ఫలానా వాళ్లని, పాత గొడవలని రాయొద్దు. అవి ప్లానింగ్ విషయాలు కావు, మంచి పాయింట్లను కూడా పలుచన చేస్తాయి. ఒకే కాగితం మీద 200 సంతకాలను ఒక అభ్యంతరంగా లెక్కేసే వీలుంది. ఇరవై ఇండ్ల వాళ్లు తమ తమ కప్పు, తమ తమ గోడ కొలతలతో ఇరవై వేర్వేరు కాగితాలు ఇస్తే ఇరవైకీ జవాబు వెతుక్కోవాలి.

ఫైలు చూడటానికి సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే వేయండి, ఫీజు 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు పట్టొచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడకండి. రికార్డు తనిఖీ కోరండి, మొదటి గంటకు ఫీజు లేదు. అడగాల్సినవి: ప్రతిపాదన మ్యాపు స్కేలుతో, ట్రాఫిక్ రిపోర్టు, నీటి విభాగం అభిప్రాయం, ఫైర్ శాఖ అభిప్రాయం, రోడ్డు విస్తరణకు కేటాయించిన డబ్బు వివరం. చివరిది తప్పకుండా అడగండి. విస్తరణకు బడ్జెట్ లేదని జవాబొస్తే 80 అడుగుల గీత కాగితం గీతే అని వాళ్లే రాసిచ్చినట్టు.

ఇప్పుడే ఎందుకు ఇంత పట్టుబట్టాలంటే, తర్వాత మీకు పిలుపు రాదు. భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు జాగలో 10 మీటర్ల లోపు ఇండ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, అంతకు మించిన వాటికి సింగిల్ విండోలో 21 రోజులు. ఆ 21 రోజుల్లో పక్కింటి వాళ్లను అడిగే మెట్టు ఏదీ లేదు. జోన్ మారాక, రోడ్డు గీత పడ్డాక, నిబంధన ప్రకారం ఉన్న ప్లాన్‌ను అధికారులు కూడా ఆపలేరు. ముసాయిదా దశలో మాత్రం మార్పు సాధ్యమే. కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద రైతులు గట్టిగా నిలబడితే 2023 జనవరిలో కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానం చేసింది.

2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉన్నాయి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు, ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు కమిటీల అభిప్రాయం తీసుకున్నారా అని ఒక పాయింటు పెట్టండి. కమిటీలు పని చేస్తుంటే వాళ్లతోనే ఒక తీర్మానం చేయించి జతపరచండి.

టేపు కొలత

ఫైలు దారి గారు చెప్పిన షరతుకు ఒక మాట చేర్చాలి. "మొత్తం పొడవున" అన్న మాట వదలొద్దు. "ముందున్న రోడ్డు" అని మాత్రమే రాస్తే జాగ ముందు 80 మీటర్లు వెడల్పు చేసి షరతు తీరిందంటారు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనేది సర్వే నంబర్లతోనో, రెండు చివర్ల ఇంటి నంబర్లతోనో రాయండి.

ఇంకో రెండు తనిఖీలు. మిల్లు జాగ పక్కన వాగు, కాల్వ, కుంట ఏదైనా ఉందా? 10 మీటర్ల కంటే వెడల్పైన కాల్వ లేదా వాగు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదలాలి. చెరువైతే పూర్తి నీటి మట్టం గీత నుంచి 10 హెక్టార్లు, ఆపైన ఉన్నదానికి 30 మీటర్లు, చిన్న కుంటకు 9. మహబూబ్‌నగర్ పెద్దచెరువు చుట్టుపక్కల జాగల్లాంటి చోట అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. రెండోది, ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లాగ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం దగ్గరుంటే 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, దాని అవతల 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ ఎత్తుకు వేరే అనుమతి కావాలి. మిల్లు జాగకు ఇది తగలకపోవచ్చు, ఇదే ప్రశ్నతో వచ్చే ఆలంపూర్ వాళ్ల కోసం రాస్తున్నా.

పాలమూరు డ్రాఫ్ట్స్‌మన్

ఎడమ కాల్వ అన్నా, పరిశ్రమల జోన్ తీసేసుడును మాత్రం వ్యతిరేకించకు. రేపు అక్కడ మళ్లా మిల్లే నడిస్తే ఊక, దుమ్ము, రాత్రి లారీలు మీ వీధికే. జోన్ మార్పుకు ఒప్పుకుంటున్నమని మొదటి పేరాలనే రాసి, రోడ్డు, ఎత్తు, ఫైర్ దారి, మురుగు మీద షరతులు పెట్టుండ్రి.

ఎడమ కాల్వ

సమజైంది. జోన్‌కు ఒప్పుకుంటం, 27 అడుగులకాడి ఫోటో మొదటి పేజీల పెడతం. ఉత్తరం వరసల 14 ఇండ్లున్నయి, ఎవల కప్పు కొలత వాళ్లతోనే రాయించి 14 కాగితాలు ఇస్తం. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె జరిపే ఖర్చు ఎవలదో అనేది గూడ షరతుల్ల రాయాల్నా?

ఫైలు దారి

రాయండి. "రోడ్డు విస్తరణలో స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ తరలింపు, మోరీ తిరిగి కట్టడం ఖర్చు ఎవరు భరిస్తారో అనుమతికి ముందే తేల్చాలి" అని ఒక వాక్యం చాలు. గద్దె మీద ట్రాన్స్‌ఫార్మర్ నంబరు రంగుతో రాసి ఉంటుంది, ఆ నంబరు కూడా పెట్టండి, విద్యుత్ శాఖకు కాపీ పోతే వెతుక్కునే పని ఉండదు. ఇన్‌వర్డ్ నంబర్లు పద్నాలుగూ ఒక కాగితం మీద రాసి అందరూ ఫోటో తీసుకోండి. గడువు ముగిసిన వారానికి, ఏ నంబరు మీద ఏం నిర్ణయం రాశారో అడుగుతూ ఇంకో సమాచార హక్కు దరఖాస్తు వేయండి.